స్పోర్ట్స్ కారుకి కొత్త ముందు బంపర్ ఇంట్లోనే బిగించడం ఎలా? రంగు చివర్లో, బిగింపు ముందు

కొత్త బంపర్ పార్సిల్ విప్పగానే ఎవరికైనా చేతులు ఊరుకోవు. కారు రంగులో దాన్ని ఎప్పుడు చూస్తామా అని ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. బ్రహ్మపురంలో మా ఇంటికి బంపర్ వచ్చిన మర్నాడే పెయింటింగ్ షాపుకి పట్టుకెళ్లి రంగు వేయించాను. అద్దంలా మెరుస్తూ ఇంటికొచ్చింది. తీరా కారుకి పెట్టి చూస్తే ఎడమ పక్క ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) దగ్గర చిటికెన వేలు దూరేంత సందు. కుడి పక్క అంచేమో ఫెండర్ మీదికి ఎక్కి కూర్చుంది. ఆకురాయి పట్టుకుని ఆ కొత్త రంగు మీదే రుద్దాల్సి వచ్చింది. రంగు పొట్టుపొట్టుగా రాలుతుంటే ప్రాణం ఉసూరుమంది. రంగు పడ్డాక సరుకు వెనక్కి తీసుకోం అని అమ్మినవాళ్లు చెప్పేశారు. పెయింటర్‌కి రెండోసారి డబ్బు కట్టాను.

ఆ తర్వాత మా బావ కారుకీ, ఇంకో స్నేహితుడి కారుకీ బంపర్లు బిగించాం. రెండింటికీ రంగు చివర్లోనే వేయించాం. ఒక్క రూపాయి వృథా కాలేదు. బ్రహ్మపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఉన్న మన తెలుగువాళ్లకి ఈ సంగతి మరీ ముఖ్యం. ఇలాంటి బంపర్‌ని మనం షాపులో కారుకి పెట్టి చూసి కొనలేం. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో ఇంకా దూరం నుంచో లారీ పార్సిల్లో వస్తుంది. సరిపోకపోతే తిప్పి పంపడం పెద్ద ప్రయాస.

ముందు కాగితాల పని

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. చట్టం ఒప్పుకోని మార్పు ఒక్కోదానికీ ఓనరుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కొనే ముందే బంపర్ ఫొటో పట్టుకుని ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోండి. రేపు ఏదైనా గుద్దుకున్నప్పుడు ఆ కాగితమే అక్కరకొస్తుంది. ఇనుప గొట్టాల గార్డులు బంపర్ ముందు బిగించే ఆలోచన ఉంటే మానుకోండి. వాటిని తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది.

సరిహద్దులో ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మనలో చాలామంది సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు విశాఖలో కొని సరిహద్దులోని గిరిసోల దాటించి తెచ్చుకుంటాం. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అది 47వ సెక్షన్. ఆ పనికి బండిని తీసుకెళ్లి చూపించాల్సి వస్తుంది. ఎన్‌ఓసీ, కొత్త నంబరు, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు అన్నీ పూర్తయ్యాకే బంపర్ సంగతి మొదలుపెట్టండి. ఆ ప్లేటు బిగించే స్నాప్ లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు. పాత బంపర్ మీద నుంచి ప్లేటు తీయాలంటే లాక్ విరగాల్సిందే. మళ్లీ ఎక్కడ వేయించాలో, ఎన్ని రోజులు పడుతుందో ముందే కనుక్కోండి. ఆ లాక్ లేకుండా, ప్లేటు సీటు మీద పెట్టుకుని తిరగడం కుదరదు.

ఏ సరుకు కొనాలి?

బయట దొరికే బంపర్లు ముఖ్యంగా మూడు రకాలు. పాలీప్రొపిలీన్ అనేది కంపెనీ బంపర్లు ఎక్కువగా తయారయ్యే ప్లాస్టిక్. కాస్త వంగుతుంది, చిన్న దెబ్బకి పగలదు, కారుకి దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. పాలీయురేథేన్ రబ్బరులా ఇంకా మెత్తగా ఉంటుంది. రాయి తగిలినా నొక్కుకుపోయి మళ్లీ వస్తుంది. కానీ బరువు ఎక్కువ, మే నెల ఎండకి నడుమ జారే గుణం ఉంది, అందుకే దానికి లోపల ఆసరా కావాలి. మూడోది ఫైబర్, అంటే గాజు నారకి జిగురు పట్టించి చేసేది. చవక, తేలిక, ఆకారాలు బోలెడు. అచ్చులో చేత్తో వేసే సరుకు కాబట్టి ఒకదానికీ ఇంకోదానికీ కొలత తేడా ఉంటుంది. దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది.

నా మాట వినేవాళ్లయితే మొదటిసారి బిగించేవాళ్లు పాలీప్రొపిలీన్‌దే కొనండి. రేటు ఎక్కువైనా పని సగం తగ్గుతుంది. చేతికొచ్చాక వెనక్కి తిప్పి చూడండి. ప్లాస్టిక్ అయితే పీపీ అనో పీయూఆర్ అనో అచ్చు పడి ఉంటుంది. ఏ ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) వేయాలో పెయింటర్‌కి చెప్పడానికి ఆ అక్షరాలే ఆధారం. ఫైబర్ అయితే వెనక గరుకుగా, నార పోగులు కనిపిస్తాయి.

ఎత్తు కూడా కొనకముందే కొలవాలి. రోడ్ల ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో నున్నగా ఎక్కి దిగేలా ఉండాలి. మన వీధుల్లో ఉన్నవి ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఎత్తు అదే అయినా రెండడుగుల వెడల్పులో గోడలా లేచి ఉంటాయి. బంపర్ ముందుకి ఎంత పొడుచుకొస్తే అంత ముందుగా తగులుతుంది. ముందు టైరు నేలని తాకే చోటు నుంచి బంపర్ కింది అంచుకి ఒక దారం లాగి పట్టుకోండి. ఆ దారానికీ నేలకీ మధ్య ఉన్న వాలే మీ కారు ఎక్కగలిగే వాలు. కొత్త బంపర్ కొలతలు అమ్మేవాళ్లని అడిగి అట్ట మీద గీసి, అదే చోట పట్టి చూడండి. మీ గుమ్మం ర్యాంపు, రోజూ వెళ్లే దారిలో ఉన్న బ్రేకర్లు దాటగలదో లేదో అప్పుడే తేలిపోతుంది.

పార్సిల్ వచ్చిన రోజు

సంతకం పెట్టక ముందే అట్టపెట్టె మూలలు చూడండి. విప్పుతున్నప్పుడు ఫోన్లో వీడియో తీయించండి. బంపర్‌ని గోడకి నిలబెట్టి వదిలేయకండి, బరువంతా రెండు కొసల మీద పడి సాగిపోతుంది. నేల మీద పాత బొంత పరిచి, కారు మీద ఎలా ఉంటుందో అలాగే పడుకోబెట్టండి. లారీలో నలిగి రెండు రెక్కలూ లోపలికి వంగి వస్తే కంగారు పడొద్దు. ప్లాస్టిక్‌దైతే ఎండలో కాసేపు ఉంచితే చాలావరకు తనే తెరుచుకుంటుంది. ఫైబర్‌దైతే వంపు పోదు. మూలల్లో పగులు, అంచుల్లో చిట్లు కనిపిస్తే అప్పుడే ఫిర్యాదు పెట్టండి.

పాతది విప్పడం

ఒక పూట ఖాళీ ఉంచుకోండి. తోడు ఒక మనిషి తప్పనిసరి. 10 నంబరు సాకెట్, స్టార్ బిట్లు, స్క్రూడ్రైవర్లు, క్లిప్పులు లేపే ప్లాస్టిక్ పట్టీ, జాకీ, రెండు స్టాండ్లు, మాస్కింగ్ టేపు ఉంటే చాలు. జాకీ మీద మాత్రమే లేచిన కారు కింద చెయ్యి కూడా పెట్టకండి. స్టాండ్లు సరిగ్గా కూర్చున్నాకే, వెనక చక్రాలకి రాయి అడ్డం పెట్టాకే కిందికి వంగండి.

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పది నిమిషాలు ఆగండి. బంపర్ వెనకున్న ఇనుప చట్రం మీద ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉంటాయి. వాటి తీగలు మామూలుగా పసుపు రంగు కనెక్టర్లతో వస్తాయి. వాటి జోలికి వెళ్లొద్దు. సెన్సర్ మీద సుత్తి తగలకూడదు, దాని బోల్టు వదులు కాకూడదు.

విప్పే వరస దాదాపు అన్ని కార్లకీ ఇదే. బానెట్ ఎత్తితే గ్రిల్ పైన వరసగా స్క్రూలు, ప్లాస్టిక్ క్లిప్పులు కనిపిస్తాయి, అవి ముందు. తర్వాత స్టీరింగ్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పితే చక్రం పక్కన నల్ల ప్లాస్టిక్ లైనర్ అందుతుంది. దాన్ని ముందు భాగం వరకే విప్పి వెనక్కి మడిస్తే, బంపర్‌ని ఫెండర్‌కి పట్టి ఉంచే స్క్రూ లోపల పైన దాక్కుని ఉంటుంది. కొత్తవాళ్లు ఈ స్క్రూ చూడక బలంగా లాగి పాత బంపర్ చెవి (స్క్రూ పట్టే కొస) విరగ్గొట్టేస్తారు. రెండు పక్కలా అయ్యాక కింద ఉన్నవి. మీ మోడల్‌కి దొరికే సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకుంటే ఎన్ని స్క్రూలో లెక్క తెలుస్తుంది.

విప్పిన స్క్రూలకి మా ఇంట్లో పాత ఇడ్లీ రేకులు వాడతాను. పై రేకులో పైన విప్పినవి, మధ్య రేకులో చక్రాల దగ్గరివి, అడుగు రేకులో కిందివి. ఒక్కో గుంటలో ఒక్కో చోటువి. పొడుగు స్క్రూ ఉండాల్సిన చోట పొట్టిది, పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది పెడితే వెనకున్న లైటుకో తీగకో గుచ్చుకుంటుంది. గుంటల లెక్క ఉంటే ఆ పొరపాటు జరగదు.

స్క్రూలన్నీ వచ్చాక బంపర్ పక్కన ఫెండర్ మూలకి రెండు పొరలు మాస్కింగ్ టేపు అంటించండి. తర్వాత ఒకరు ఎడమ, ఒకరు కుడి నిలబడి, చక్రం దగ్గర అంచుని మీ వైపు లాగండి. టక్‌మని ఊడుతుంది. ముందుకి ఒక జానెడు జరిపి ఆగండి. వెనక ఫాగ్ లైట్ల తీగలు, పార్కింగ్ సెన్సర్ల తీగలు, బయటి వేడి చూసే చిన్న సెన్సర్ తీగ ఉంటాయి. హెడ్‌లైట్లకి నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉన్న కార్లలో గొట్టం కూడా ఉంటుంది. కింద బకెట్ పెట్టుకుని గొట్టం విప్పండి. కనెక్టర్ నాలుక నొక్కి లాగాలి, తీగ పట్టుకుని కాదు. ప్రతిదానికీ విప్పక ముందు ఒక ఫొటో.

వెనకున్న దూలాన్ని ముట్టుకోకండి

ప్లాస్టిక్ తీశాక లోపల కనిపించేదే అసలు బంపర్. తెల్లగానో నల్లగానో థర్మోకోల్ లాంటి ఫోమ్ దిమ్మె, దాని వెనక ఉక్కు లేదా అల్యూమినియం దూలం. గుద్దుకున్నప్పుడు ఫోమ్ నలుగుతుంది, దూలం ఆ దెబ్బని రెండు పక్కలా ఉన్న చట్రానికి పంచుతుంది. మనం బయట చూసే ప్లాస్టిక్ దాని మీద కప్పిన చొక్కా లాంటిది. పాదచారి కాలికి తగిలినప్పుడు మెత్తగా ఉండేది కూడా ఆ ఫోమ్ వల్లే.

కొన్ని కొత్త బంపర్లు దూలం అడ్డొచ్చి లోపలికి కూర్చోవు. దూలం కోసేయమనీ, ఫోమ్ తీసి పారేయమనీ సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నాకూ ఒకాయన గ్రైండర్ చేతికిచ్చి మరీ చెప్పాడు. దయచేసి వినకండి. దూలం కోస్తే తప్ప కూర్చోని బంపర్ మీ కారుది కాదు. దాన్ని వెనక్కి పంపండి, నష్టానికైనా అమ్మేయండి. పక్క సీట్లో కూర్చునేది మన పిల్లలు.

బంపర్లోనో గ్రిల్‌లోనో రాడార్ ఉన్న కార్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. ముందు బండికి దగ్గరైతే తనే బ్రేకు వేసే రకం. అలాంటి కారైతే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు. రాడార్ కొంచెం పక్కకి చూసినా, దాని ముందు పుట్టీ పొర ఉన్నా లెక్క తప్పుతుంది. దాన్ని మళ్లీ సరిచేసే పరికరాలు సర్వీస్ సెంటర్లోనే ఉంటాయి.

రంగు లేకుండా బిగించి చూడడం

ఇక అసలు పని ఇక్కడి నుంచి. ఒక రోజంతా పట్టినా పట్టనివ్వండి.

పాత, కొత్త బంపర్లు రెంటినీ బొంత మీద పక్కపక్కన పెట్టండి. పాతదానికి ఉన్న ప్రతి చెవి, ప్రతి రంధ్రం, ప్రతి బ్రాకెట్ కొత్తదానికి ఉందో లేదో వేలు పెట్టి లెక్కపెట్టండి. గ్రిల్, ఫాగ్ లైట్లు, లాగుడు కొక్కెం మూత, నంబరు ప్లేటు చోటు. లాగుడు కొక్కేనికి కన్నం లేని బంపర్ అయితే ముందే కన్నం పెట్టించుకోండి. హైవే మీద కారు ఆగిపోతే ఇంకోదారి ఉండదు. ఫెండర్ దగ్గర బంపర్ అంచు జారే ప్లాస్టిక్ పట్టీలు పాతవి విరిగి ఉంటే కొత్తవి కొనండి. సందులు రావడానికి సగం కారణం అవే.

ఇప్పుడు ఇద్దరూ పట్టుకుని పైకి ఎత్తండి. మొదట నడుమ. బానెట్ కింద మధ్యలో ఉన్న స్క్రూలు రెండు, మూడు తిప్పులు మాత్రమే ఎక్కించండి. గట్టిగా బిగిస్తే అక్కడే ఇరుక్కుంటుంది, పక్కలు సర్దుకోవు. తర్వాత ఎడమ, కుడి కొసలు పట్టీల్లోకి తోయండి. మా పక్కింటి ఒడియా భాయినా కుడి పక్క నిలబడి అరచేత్తో నెడుతూ ఉంటే, నేను ఎడమ పక్క సందు చూస్తూ ‘టికే, ఆవు టికే’ అంటూ ఉంటాను. కొంచెం, ఇంకొంచెం అని. అంత కొంచెంగానే కదపాలి.

సందు కొలవడానికి డ్రిల్ బిట్లు వాడండి. 4 మిల్లీమీటర్ల బిట్ తోకని బానెట్‌కీ బంపర్‌కీ మధ్య అడ్డంగా జరుపుతూ వెళ్లండి. ఎక్కడ వదులుగా ఊగిందో, ఎక్కడ ఇరుక్కుందో మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద రాయండి. ఎంత సందు ఉండాలనేది మీ కారు పాత బంపర్ విప్పక ముందు ఎంత ఉందో అదే. అందుకే విప్పే ముందే కొలిచి రాసుకోవాలి. రెండు పక్కలా సమానంగా ఉండడం ముఖ్యం. ఒక పక్క 3, ఇంకో పక్క 6 ఉంటే రోడ్డు మీద పది అడుగుల దూరం నుంచి కూడా తెలిసిపోతుంది.

బానెట్ మెల్లగా దించి, చేత్తో నొక్కి చూడండి. బంపర్ పై అంచుకి తగలకూడదు. లాక్ సజావుగా పడాలి. హెడ్‌లైట్ కింది గీతతో బంపర్ అంచు గీత కలిసి నడవాలి. ఇద్దరు మనుషులు ముందు భాగం మీద బరువు వేసి ఊపి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడా లైనర్‌నో బంపర్‌నో రుద్దడం లేదని చూసుకోండి.

సరిపోని చోట ఏం చేయాలి? ముందు స్క్రూ రంధ్రం చూడండి. చాలాసార్లు బంపర్ తప్పు కాదు, రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంటుంది. గుండ్రటి ఆకురాయితో దాన్ని కోలగా సాగదీసి, వెడల్పు వాషర్ వేస్తే సరిపోతుంది. అంచు ఎక్కువైతే గీత గీసుకుని, గీతకి ఒక మిల్లీమీటరు బయటే ఆగి, మిగతాది రుద్దుతూ పెట్టి చూడండి. నాలుగైదు సార్లు తీసి పెట్టాల్సి వస్తుంది. విసుగు రావడం సహజమే కానీ కోసినది మళ్లీ అతకదు. ప్లాస్టిక్ రెక్క లోపలికి వంగి ఉంటే హీట్ గన్‌తో దూరం నుంచి, కదుపుతూ వెచ్చజేసి చేత్తో పట్టి ఉంచి చల్లారనివ్వండి. ఒకేచోట వేడి పెడితే పొక్కులొస్తాయి. ఫైబర్ మీద ఈ పని చేయొద్దు. అక్కడ కొరత ఉంటే ఫైబర్ మ్యాట్, రెజిన్‌తో వెనక నుంచి కట్టాలి, ఎక్కువుంటే రుద్దాలి.

ఫైబర్‌కి కన్నం పెట్టాలంటే ముందు పక్క నుంచి, టేపు అంటించి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత పెద్దది చేయండి. టేపు లేకపోతే పై పొర పెచ్చులూడుతుంది. ఫైబర్ రుద్దినప్పుడు లేచే పొడి చర్మానికి గాజు ముళ్లలా దురద, ఊపిరితిత్తులకి చేటు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. నీళ్లు పోస్తూ రుద్దితే పొడి లేవదు. ఆరేసిన బట్టలు ముందే తీయించండి. మా అమ్మ ఆరేసిన దుప్పటి మీద ఆ పొడి పడి, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇక ఆ పని డాబా మీద, పిల్లలు రాని చోటే చేస్తున్నాను.

గాలి దారి

కొత్త బంపర్ అందంగా కూర్చుంది కదా అని ఇక్కడితో వదిలేయకండి. కింద కన్నాల్లోంచి వచ్చే గాలే ఏసీ కండెన్సర్‌ని, రేడియేటర్‌ని, టర్బో కారైతే ఇంటర్‌కూలర్‌ని చల్లబరుస్తుంది. పాత బంపర్ వెనక, రేడియేటర్ పక్కల నల్ల ప్లాస్టిక్ రేకులు గాలిని అటే తోయడానికి పెట్టినవి. చాలామంది వాటిని అక్కర్లేదని పక్కన పడేస్తారు. అవి లేకపోతే గాలి రేడియేటర్ పక్క నుంచి జారిపోతుంది. వాటిని కొత్తదానికి తగ్గట్టు కత్తిరించైనా మళ్లీ పెట్టండి. కన్నం ఉన్నట్టు కనిపించి వెనక మూసి ఉండే ఉత్తుత్తి జాలీలు కొన్ని బంపర్లకి వస్తాయి. పాతదానిలో గాలి పోయే చోట అలాంటిది ఉంటే తెరిపించాలి.

ఇప్పుడు బ్యాటరీ పెట్టి, రంగు లేని బంపర్‌తోనే అన్ని లైట్లూ వేసి చూడండి. ఒకసారి నేను బయటి వేడి చూసే సెన్సర్ తీగ పెట్టడం మర్చిపోయాను. మే నెల మధ్యాహ్నం మీటరు మీద మైనస్ 40 చూపించింది, ఏసీ పని చేయలేదు. బయట అంత చలి ఉందని నమ్మితే చాలా కార్లు కంప్రెసర్‌ని ఆన్ చేయవు. గ్యాస్ అయిపోయిందనుకుని మెకానిక్ దగ్గరికి బయల్దేరే ముందు ఆ చిన్న కనెక్టర్ చూసుకోండి.

తర్వాత ప్లేటు ఇంకా లేదు కాబట్టి రోడ్డెక్కకుండా, ఇంటి ఆవరణలోనే మెల్లగా నడిపి, గుమ్మం ర్యాంపు ఎక్కించి దించండి. ఎక్కడైనా గీరుకుంటే ఇప్పుడే తెలియాలి. ఆ తర్వాత ఎక్కడెక్కడ స్క్రూలు పడ్డాయో ఫొటోలు తీసుకుని మళ్లీ విప్పండి.

రంగు

రంగు ఇంట్లో వేసుకోవద్దని నా అభిప్రాయం. రెండు డబ్బాలు కలిపి వేసే గట్టి ప్రైమర్‌లో, క్లియర్‌లో (రంగు పైన వేసే మెరుపు పూత) ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఆస్తమా తెప్పిస్తుంది. పైగా మనది సముద్రం గాలి. గోపాల్‌పూర్ నుంచి వచ్చే తేమ వానాకాలంలో రంగు మీద పాల మీగడలా తెల్లటి పొర తెప్పిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచిన తర్వాత వేయించుకోవడం మంచిది. బూత్ (రంగు చల్లడానికి కట్టిన మూసిన గది) ఉన్న షాపుకే ఇవ్వండి.

కానీ రంగుకి ముందు శుభ్రం చేయడం మీరే చేసుకోవచ్చు, చేయాలి కూడా. అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన మైనం కొత్త బంపర్ మీద పలచగా ఉంటుంది. దాని మీద రంగు పడితే ఆర్నెల్లకి పొరలు పొరలుగా లేస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, పచ్చ స్క్రబ్బరుతో మూలమూలా తోమండి. కడిగాక నీళ్లు పోసి చూడండి. తామరాకు మీద బొట్టుల్లా ఉండలు కడితే మైనం ఇంకా ఉన్నట్టే. పరదాలా నున్నగా జారితే వదిలినట్టు. ఫైబర్‌దైతే సూది మొనంత గుంటలు ఉంటాయి, వాటిలో పుట్టీ నింపి 180 తర్వాత 320 నంబరు వాటర్ పేపర్ పట్టాలి. ప్రైమర్ మీద 400, 600. పాలీప్రొపిలీన్‌కి ముందుగా రంగు పట్టుకునే ప్లాస్టిక్ ప్రైమర్ వేయాలని పెయింటర్‌కి గట్టిగా చెప్పండి. మెత్తని పాలీయురేథేన్‌కి క్లియర్‌లో సాగే మందు కలపమనండి. లేకపోతే వంగిన చోటల్లా గీతలు పడతాయి.

రంగు నంబరు తలుపు పక్కన స్తంభం మీదో బానెట్ కిందో స్టిక్కర్ మీద ఉంటుంది. ఎండకి వెలిసిన పాత కారుకి ఆ నంబరు రంగు అచ్చంగా కలవదు. పెట్రోల్ మూత విప్పి తీసుకెళ్లి దానికి సరిపోల్చమనండి. పార్కింగ్ సెన్సర్ల మీద మందంగా రంగు పడనివ్వకండి.

మళ్లీ బిగించడం

రంగు ఆరిందని షాపులో చెప్పినా రెండు, మూడు రోజులు బొంత మీద వదిలేయండి. గోరు గుర్తు పడనంత గట్టిపడ్డాక మొదలుపెట్టండి. మొదటిసారి చేసిన వరసే. ఫెండర్ అంచులకి టేపు మర్చిపోవద్దు. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు ఏడాదిలోనే తుప్పు పట్టి, రంగు మీద ఎర్రటి చారలు కారతాయి. స్టెయిన్‌లెస్ స్క్రూలే వేయండి. విరిగిన క్లిప్పులు కొత్తవి. బంపర్‌కీ ఫెండర్‌కీ రుద్దుకునే చోట పలచటి ఫోమ్ టేపు. నడుమ నుంచి పక్కలకి, పక్కల నుంచి కిందికి, ప్రతి స్క్రూ సగం బిగించి, సందులు మళ్లీ బిట్‌తో చూసి, అప్పుడే పూర్తిగా. ప్లాస్టిక్ మీద స్క్రూ ఆగిన చోట ఆపాలి. ఇంకో తిప్పు తిప్పితే చెవి నలుగుతుంది.

నంబరు ప్లేటు చట్ట ప్రకారం కొత్త లాక్‌తో వేయించండి. హెడ్‌లైట్లు కదిపి ఉంటే రాత్రి గోడ ఎదుట నిలిపి కాంతి ఎత్తు సరిచూసుకోండి.

మొదటి ప్రయాణం నెమ్మదిగా ఆస్కా రోడ్డు మీదో హైవే మీదో ఒక 50 కిలోమీటర్లు. తిరిగొచ్చాక అన్ని స్క్రూలూ చేత్తో ముట్టి చూడండి. రెండు, మూడు తప్పకుండా వదులై ఉంటాయి. గాలి దారి సరిగా ఉందో లేదో తేల్చుకోవాలంటే దిగపహండి మీదుగా తప్తపాణి ఘాట్ ఎక్కించండి. ఏసీ వేసి, మధ్యాహ్నం పూట, ఇంజిన్ వేడి ముల్లు మీద కన్నేసి. ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి లేస్తుంటే కారు ఆపి చల్లారనిచ్చి, ఇంటికొచ్చాక ఆ నల్ల రేకులు మళ్లీ చూడండి.

పాత బంపర్‌ని మాత్రం అమ్మకండి. రెండు చోట్ల వెడల్పాటి గుడ్డ పట్టీలు కట్టి గ్యారేజీ దూలానికి వేలాడదీయండి. దాని స్క్రూలన్నీ ఒక సంచిలో వేసి దానికే కట్టండి. ఆర్టీఓ అడిగినా, కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగినా అదే కావాలి.